సీ లాంగ్వేజ్‌లో గ్లోబల్స్ తీసేసి స్ట్రక్ట్ పాయింటర్ పాస్ చేయడం: అవసరమా, అతి చేస్తున్నామా?

ఈసిటీ_ఫర్మ్‌వేర్:
మాది ఎలక్ట్రానిక్ సిటీలో చిన్న టీమ్, మీటర్లకి ఫర్మ్‌వేర్ రాస్తాం. పాత యూఆర్ట్ (సీరియల్ పోర్ట్) డ్రైవర్ అంతా గ్లోబల్సే, అంటే ఏ ఫంక్షనైనా మార్చగల వేరియబుల్సే, వేరే ఫైళ్లకీ కనిపించేలా హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి ఎవరు పడితే వాళ్లు వాడేవాళ్లు. కస్టమర్ రెండో పోర్ట్ కావాలన్నాడు, టైమ్ లేక ఫైల్ మొత్తం కాపీ చేసి పేర్ల చివర 2 తగిలించాం, ఒక్క చోట, వచ్చిన డేటా లెంత్ దాచే ఆర్ఎక్స్_లెన్‌కి 2 పెట్టడం మర్చిపోయాం, ఇంకేముంది, రెండో పోర్ట్‌లో ప్యాకెట్ పూర్తయినప్పుడల్లా మొదటి పోర్ట్ లెంత్ సున్నా అయిపోయేది. పట్టుకోడానికి మూడ్రోజులు పట్టింది. ఈ వేరియబుల్స్ అన్నీ ఒక స్ట్రక్ట్‌లో కట్టగా పెట్టి, ప్రతి ఫంక్షన్‌కీ మొదటి ఆర్గ్యుమెంట్‌గా దాని పాయింటర్ (అడ్రస్) ఇద్దామంటే మా సీనియర్ "సీని సీ ప్లస్ ప్లస్ చేయకు" అంటున్నారు.

పాతకాపు_బొమ్మనహళ్లి:
ఆయన అన్నదాంట్లో తప్పేముంది తమ్ముడూ. పోర్ట్‌కి డేటా రాగానే నడిచే ఇంటరప్ట్ హ్యాండ్లర్‌ని పిలిచేది హార్డ్‌వేర్, దానికి నీ పాయింటర్ ఎవరిస్తారు? అక్కడ ఏదో ఒకటి ఫైల్ లెవెల్లో ఉండాల్సిందే. పైగా మా దగ్గర ఒకాయన గ్లోబల్స్ అన్నీ ఒకే స్ట్రక్ట్‌లో కుక్కి అందరికీ అదే పాయింటర్ ఇచ్చాడు. అది గ్లోబల్‌కి చొక్కా మార్చడమే.

రింగ్‌రోడ్_కోడర్:
అన్నా, స్టాండర్డ్ లైబ్రరీలోనే చూడండి. ఎఫ్‌ఓపెన్ ఇచ్చిన ఫైల్ పాయింటర్‌ని ఎఫ్‌రీడ్‌కి, ఎఫ్‌క్లోజ్‌కి ఇస్తూ పోతాం, లోపల ఏముందో మనకి పట్టదు, అందుకే ఒకేసారి పది ఫైళ్లు తెరుచుకోవచ్చు. స్ట్రింగ్‌ని ముక్కలు చేస్తూ, ఎక్కడిదాకా వచ్చిందో ఆ స్టేట్ లోపల దాచుకున్న ఎస్టీఆర్‌టోక్‌ని చూడండి, లైన్లుగా విడగొడుతూ మధ్యలో కామాల దగ్గర కూడా దాంతోనే విడగొడితే బయటి లూప్ ఎక్కడుందో మర్చిపోతుంది. అందుకేగా స్టేట్ మన చేతికే ఇచ్చే ఎస్టీఆర్‌టోక్_ఆర్ వచ్చింది.

ఈసిటీ_ఫర్మ్‌వేర్:
హ్యాండ్లర్ సంగతి ఒప్పుకుంటా అన్నా. కానీ అందులో ఒక్క లైనే ఉంటుంది, తన పోర్ట్ స్ట్రక్ట్ అడ్రస్ ఇచ్చి కామన్ ఫంక్షన్‌ని పిలవడం, లాజిక్ అంతా అక్కడే. స్ట్రక్ట్ లోపలి మెంబర్లు సీ ఫైల్లోనే ఉంటాయి, హెడర్‌లో పేరు తప్ప ఏం ఉండదు, కాబట్టి బయటోడు ఆర్ఎక్స్_లెన్‌ని ముట్టుకుంటే కంపైలరే ఆపేస్తుంది. మాలాక్‌తో నడుస్తుండగా మెమరీ అడగం కాబట్టి ఆ ఫైల్లోనే రెండు పోర్టుల స్ట్రక్ట్‌లకీ స్టాటిక్ యారే. మూడో పోర్ట్ వస్తే యారే సైజు పెంచి, దాని హ్యాండ్లర్‌లో ఒక లైను రాస్తే చాలు.

పాతకాపు_బొమ్మనహళ్లి:
ఇలా అయితే సరే, పోర్ట్‌కో స్ట్రక్ట్ కాబట్టి ఆ కుక్కుడు ఉండదు. కానీ టైమ్ లెక్కపెట్టే సిస్టమ్ టిక్ కౌంటర్‌కి కూడా పాయింటర్ మోసుకు తిరుగుతానంటే మాత్రం నేను ఒప్పుకోను, బోర్డుకి ఒక్కటే ఉండేది, ఫైల్లో స్టాటిక్ వోలటైల్‌గా (బయటికి కనిపించకుండా, ప్రతిసారీ మెమరీ నుంచే చదివేలా) పెట్టి చదవడానికో ఫంక్షన్ ఇచ్చేయ్.