చైన్‌లింక్ జాలి ఇంటి గోడకే బిగించొచ్చా?

హసన్‌పర్తి ప్లాటు:
ఇంటి పక్క గోడ నుంచి వెనక కంపౌండ్ గోడ దాకా 40 ఫీట్లు, 5 ఫీట్ల ఎత్తు జాలి వేయాలె. నల్లరేగడి. గోడకు క్లాంపులు కొడితే ఒక కడీ (జాలిని నిలబెట్టే స్తంభం) ఖర్చు తప్పుతదని వెల్డర్ అంటున్నడు. తొమ్మిదించుల ఇటుక గోడ, ప్లాస్టరింగ్ అయింది.

జాలిపని:
వద్దన్నా. జాలి గుంజినంక బిగువంతా ఆ బోల్టుల మీదనే. మొదటి అరించు, ముప్పావు ఇంచు ఉత్త ప్లాస్టరింగే, అది పట్టదు. బోల్టు చుట్టూ పగిలి వాన నీళ్లు దిగుతయి, లోపల చెమ్మ కొడతది. పైగా రేగడి వానకు ఉబ్బుతది, ఎండకు నెర్రెలిస్తది. కడీలు కదిలినప్పుడల్లా గోడను గుంజుతయి.

గోడ పక్కనే వేరే కడీ నిలబెట్టుండ్రి, గోడకు తాకొద్దు. గుంత 3 ఫీట్ల లోతు, ఫీటు వెడల్పు. అడుగున ఇంకొంచెం వెడల్పు తీయాలె. పైన కాంక్రీటు గొడుగు లెక్క పరుచుకుంటే రేగడి దాన్ని కింది నుంచి లేపుతది. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 లెక్కన కలిపితే గుంతకు అర బస్తా సిమెంటు పడుతది. ఎనిమిది ఫీట్లకొకటి పెడితే మొత్తం 6 కడీలు, రెండు చివర్ల రెండు సపోర్టులు. సపోర్టు జాలి వైపే ఏటవాలుగా పెట్టాలె, ఎందుకంటే చివరి కడీ వాలేది అటే.

వారం రోజులు నీళ్లు కొట్టినంకనే జాలి గుంజాలె. తొందరపడి మూడో రోజే గుంజితే కడీ వంగుతది, మళ్ల నిలబడదు. చివర జాలి కండ్లల్ల ఫ్లాట్ పట్టీ దూర్చి, ఆ పట్టీని కడీకి క్లాంపులతో పట్టియ్యాలె. ఉత్త బైండింగ్ వైరుతో కడితే కండ్లు ఒక్కొక్కటే సాగుతయి.

హసన్‌పర్తి ప్లాటు:
గోడ పక్కన రాతి పునాది బయటికొచ్చింది, గడ్డపార దిగుతలేదు.

జాలిపని:
పునాది కొట్టొద్దు. ఫీటు, ఫీటున్నర జరిపి కడీ పాతుండ్రి. మిగిలిన సందుకు యాంగిల్ ఫ్రేములో జాలి వెల్డింగ్ చేసి కడీకే వేలాడదీయాలె. గోడకు అరించు విడిస్తే చాలు, కుక్క దూరదు.

కాజీపేట కరెంటు:
బోరు మోటరు వైరు మాత్రం ఆ జాలి మీద వేయకుండ్రి. ఇన్సులేషన్ గీసుకుపోతే జాలి మొత్తం షాక్ కొడతది. డ్రైనేజీ చాంబర్ మూత దగ్గర కూడా కడీ పెట్టొద్దు, మూత లేపనీకె జాగ కావాలె.