రేసు కారు ఫొటో తీస్తే పార్కింగ్‌లో పెట్టినట్టొస్తోంది!

మసకబొమ్మ: చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లొచ్చా. 900 నొక్కితే పనికొచ్చేవి పదకొండు. షటర్ 1/2000 సెకను పెట్టా, షార్ప్‌గానే ఉన్నాయి. కానీ టైర్ల మీద అక్షరాలు కూడా చదవొచ్చు. మా ఆవిడ చూసి "ఇది ఎప్పుడు బయల్దేరుతుంది?" అంది. షటర్ వేగం తగ్గిస్తే మొత్తం అలుక్కుపోతోంది.

లెన్సుమామ: లెక్క చూడు తమ్ముడూ. గంటకి 200 కి.మీ. అంటే సెకనుకి 55 మీటర్లు. 1/2000లో కారు జరిగేది మూడు సెంటీమీటర్లు కూడా కాదు, 1/125లో దాదాపు 45. ఆ 45 సెంటీమీటర్లూ నీ లెన్సు కారుతో పాటే తిరగాలి. 1/500తో మొదలెట్టి మెల్లగా దిగు. నొక్కాలనుకున్న చోటుకి ఎదురుగా పాదాలు పెట్టి, నడుము తిప్పు. నొక్కాక కూడా తిప్పడం ఆపకు. అందరం చెడగొట్టుకునేది అక్కడే.

ట్యాంక్‌బండ్_క్లిక్: 2023 ఫిబ్రవరి 11, హైదరాబాద్ ఫార్ములా ఈ. పెట్రోలు కార్లయితే దూరం నుంచే చెవి చెప్తుంది. ఇవి ఎలక్ట్రిక్ కదా, సన్నటి ఈలలాంటి మోత వినపడేసరికి కారు ముందునుంచి పోయింది. పైగా కంచె. ఆటోఫోకస్ కారుని వదిలేసి ఇనుప తీగని పట్టుకునేది. డ్రైవర్ వెర్న్ గెలిచిన రేసది, నా దగ్గరున్నది అతని కారు వెనక రెక్క!

లెన్సుమామ: కంచె ఉంటే ఎపర్చర్ (లెన్సులో వెలుతురొచ్చే కన్నం) బాగా తెరిచి, ఫోకస్‌ని ముందే రోడ్డు మీద మలుపు దగ్గర లాక్ చేసుకోవాలి. తీగలు చాలావరకు కరిగిపోతాయి. మలుపులో కారు నెమ్మదిస్తుంది కూడా.

ఎండదెబ్బ: మధ్యాహ్నం 1/60 అంటే ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100లో కూడా ఎపర్చర్ బాగా మూసి ఎఫ్/22 దాకా వెళ్లాలి. అప్పుడు సెన్సర్ మీద దుమ్మంతా ఆకాశంలో చుక్కలై తేలుతుంది, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టుకోండి. తారు సెగకి దూరపు కార్లు వణుకుతూ వస్తాయి, దానికి ఏ లెన్సూ మందు కాదు. పొద్దున్నే తీసుకోవడమే.

మసకబొమ్మ: మా వీధిలో ఆటోల మీద ప్రాక్టీసు మొదలెట్టా. 1/60లో ఒకటి కుదిరింది అన్నా! డ్రైవర్ మీసం స్పష్టంగా ఉంది, వెనక కిరాణా కొట్టంతా గీతలు. రెండో రౌండులో ఆయనే బండి ఆపి అడిగాడు: "చలానా సార్?"