పండుగప్ప ఎదుగుదలలో తేడాలకు లింగమార్పే కారణమా?

ప్రశ్న (పూసపాటిరేగ రైతు):
తీరానికి దగ్గరలోని మా ఉప్పునీటి చెరువులో వేసిన పండుగప్ప పిల్లలు ఒకే బ్యాచ్‌వే అయినప్పటికీ, కొన్ని జానెడు పెరగగా కొన్ని ఇంకా వేలెడే ఉన్నాయి. ఈ చేప మొదట మగదిగా ఉండి తరువాత ఆడదిగా మారుతుందని విన్నాను. ఈ తేడాకు అదే కారణమా? పెద్దలు తెలియజేయగలరు.

జవాబు (భోగాపురం):
కాదండి. పండుగప్ప సాధారణంగా 3–4 ఏళ్లకు మగచేపగా పక్వానికి వచ్చి, 6 ఏళ్ల ప్రాంతంలో ఆడచేపగా మారుతుంది. మనం అంతకు చాలా ముందే పట్టి అమ్మేస్తాం కనుక, ఆ మార్పు తల్లిచేపలను పోషించే హేచరీల (చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాల) వారికే ముఖ్యం. చెన్నైలోని సీబా (కేంద్ర ఉప్పునీటి జలజీవుల పెంపక పరిశోధన సంస్థ) 1997లో ఈ చేపను నిర్బంధంలో గుడ్లు పెట్టించి పిల్లలను ఉత్పత్తి చేసింది.

జవాబు (సంతబొమ్మాళి):
అసలు కారణం స్వజాతి భక్షణ. కాస్త ముందు పెరిగిన పిల్ల, తన పొడవులో సగానికి మించిన తోటి పిల్లను సైతం మింగగలదు. మిగిలిన చిన్నవి భయంతో మేత దగ్గరికి రావు. మొదటి రెండు నెలలు వారానికొకసారైనా సైజుల వారీగా వేరు చేయక తప్పదు, ఎంత విసుగైనా సరే. చలికాలంలో నీరు చల్లబడినా మేత తగ్గి ఎదుగుదల మందగిస్తుంది.

జవాబు (గార):
లింగానికీ ఎదుగుదలకూ నేరుగా సంబంధం కనిపించేది తిలాపియా అనే మరో రకం చేపలో. అందులో మగవి వేగంగా పెరుగుతాయి, ఆడవి గుడ్లను నోట్లో పొదుగుతూ మేత మానేస్తాయి. అందుకే హేచరీలలో తొలి 3–4 వారాలు హార్మోను కలిపిన మేతతో పిల్లలను మగవిగా మారుస్తారు. ఆ వయసు దాటాక ఆ మేత పెట్టినా ఫలితం ఉండదు.