ఆటిజం ఉన్న బాబుతో వైజాగ్ పెళ్లికి వెళ్లాలి, ప్రయాణం ఒక భయం, గట్టిమేళం ఇంకో భయం

నిద్రలేని అమ్మ, కూకట్‌పల్లి:

అందరికీ నమస్తే అండి. మా బాబుకి 6 ఏళ్లు, ఆటిజం, మాటలు ఇంకా రాలేదు, ఏం కావాలన్నా మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపిస్తాడు. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి వైజాగ్‌లో. వెళ్లకపోతే జన్మంతా మాట పడాలి, వెళ్తే ఏమవుద్దో అని నిద్ర పట్టట్లేదు. పోయిన సంక్రాంతికి ప్రైవేట్ బస్సులో వెళ్లాం, సూర్యాపేట దాటాక వీడియో సౌండ్ బాగా పెంచారు, వీడు రెండు చెవులు మూసుకుని ఒకటే ఏడుపు, తల సీటుకేసి కొట్టుకోవడం, కాస్త తగ్గించండి బాబూ అంటే తగ్గించలేదు సరికదా వెనక సీట్లో పెద్దాయన "నాలుగు తగిలిస్తే వాడే ఊరుకుంటాడమ్మా" అన్నాడు. మా ఆయన గొడవకి దిగారు, నేను వాణ్ణి ఒళ్లో అదిమి పట్టుకుని విజయవాడ దాకా ఏడుస్తూనే ఉన్నా.

ఇప్పుడు ట్రైనా, కారా? కారైతే 12 గంటలు పైనే. ఇంకోటి పెళ్లి మండపం. కుక్కర్ విజిల్‌కే బాత్రూమ్‌లోకి పరిగెత్తే పిల్లాడు, గట్టిమేళం మొదలైతే ఏం చేయాలి? మా అత్తగారేమో "ఆ పూటకి నిద్రపట్టే సిరప్ ఏదో వేస్తే పోలా" అంటున్నారు. ఎవరైనా వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

బోయిన్‌పల్లి నాన్న:

అక్కా ట్రైనే. బస్సు పేరు మళ్ల తియ్యకు. మా వానికి 9 ఏండ్లు, కూసోడు, బోగీ ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతనే ఉంటడు, ట్రైన్ల అది నడుస్తది, బస్సుల నడ్వది. ఒకసారి వందే భారత్‌ల పోయినం, సికింద్రాబాద్ నుంచి వైజాగ్ 8న్నర గంటలు, డోర్లు వాటంతట అవే మూసుకుంటయి కాబట్టి నడుస్తున్న బండిల డోర్ కాడికి ఉరుకుతడన్న భయం లేదు, అది మస్తు రిలీఫ్, కానీ అనౌన్స్‌మెంట్లు మోగుతయి, పొద్దంతా అందరి ముంగట సీట్ల కూసోవాలె. అందుకే ఇప్పుడు రాత్రి బండి, సెకండ్ ఏసీ. కర్టెన్ గుంజితే మన చిన్న రూమ్ లెక్క. సైడ్ లోయర్, సైడ్ అప్పర్ రెండూ దొరికితే ఇంకా మంచిది, ఎదురుంగ కొత్త మనుషులు ఉండరు. ఫస్ట్ ఏసీకి తలుపు కూడా ఉంటది గానీ ఏ కేబిన్ వస్తదో చార్ట్ పడేదాకా తెల్వదు.

సదరం సర్టిఫికెట్, అదే సర్కారిచ్చే వైకల్యం సర్టిఫికెట్, ఉందా? 2016 వికలాంగుల హక్కుల చట్టంల ఆటిజం ఉంది గానీ రైల్వే కన్సెషన్‌కి మా వాని సర్టిఫికెట్ల ఇంటెలెక్చువల్ డిజెబిలిటీ అని కూడా ఉండబట్టి వచ్చింది. స్లీపర్, థర్డ్ ఏసీ 75 శాతం, సెకండ్ ఏసీ 50 శాతం, తోడు పోయే ఒకరికి కూడా అంతే. రైల్వే ఫొటో కార్డు వేరే తీస్కోవాలె, అది ఒక్కరోజుల అయ్యే పని కాదు, ఇయ్యాల్నే మొదలువెట్టు.

ఎక్కంగనే చుట్టుపక్కలోళ్లకి నేనే చెప్తా, మా వానికి ఆటిజం, ఒర్లుతడు, ఏమనుకోకుండ్రి అని. సగం మంది మంచిగనే ఉంటరు.

రాజమండ్రి పిన్ని:

నేనైతే చెప్పనండి. చెప్తే ఇంక ప్రయాణమంతా వాడి వంకే చూస్తారు, "అయ్యో పాపం, ఎప్పట్నుంచి, మా ఊళ్లో ఒక ఆయుర్వేదం డాక్టరున్నాడు" అంటూ మొదలెడతారు, అవసరం వస్తే అప్పుడు చెప్తా.

సిరప్ మాత్రం వద్దు తల్లీ. మా పాపకి ఒకసారి జలుబు సిరప్ వేశాం పడుకుంటుందిలే అని, అది రివర్స్ కొట్టి తెల్లవార్లూ బెర్త్ మీద గెంతింది. కొంతమంది పిల్లల్లో అలా ఉల్టా పనిచేస్తుందని తర్వాత డాక్టరు చీవాట్లు పెట్టారు. వెయ్యాలనుకుంటే మీ డాక్టర్ని అడిగే వెయ్యండి.

ఇక గట్టిమేళం సంగతి. మా సొంత చెల్లెలి పెళ్లిలో తాళి కట్టడం నేను చూళ్లేదు. నేనూ పాపా మేడ మీద గదిలో ఫ్యాన్ ఫుల్లుగా పెట్టుకుని కూర్చున్నాం. ముహూర్తం దగ్గర పడుతుంటే, జీలకర్ర బెల్లం పెట్టకముందే పైకి వెళ్లిపోయాం, మా తమ్ముడు కింద నుంచి మెసేజ్ పెట్టాడు "అయిపోయింది, రండి" అని. అప్పుడు దిగాం. తలంబ్రాలు పోస్తున్నారు. మా పాపకి బియ్యంలో చేతులు పెట్టి ఆడటం అంటే ప్రాణం, ఒక పళ్లెం నిండా పసుపు బియ్యం ఇచ్చి మూల కూర్చోబెడితే గంటన్నర కదల్లేదు, ఫొటోలో ఒళ్లంతా పసుపే. కాబట్టి పెళ్లివాళ్లతో ఇప్పుడే మాట్లాడి మండపానికి ఆనుకుని ఒక గది తాళం మీ చేతికి ఇమ్మనండి, స్పీకర్లకి దూరంగా. ముందురోజు సాయంత్రం హాలు ఖాళీగా ఉన్నప్పుడు బాబుని తీసుకెళ్లి తిప్పండి. భోజనాల పంక్తిలో కూర్చోబెట్టద్దు, వాడు తినేది డబ్బాలో పట్టుకెళ్లండి.

డాలస్ తెలుగోడు:

ఫ్లైట్ ఆలోచన ఉందా అండి? హైదరాబాద్ నుంచి వైజాగ్ గంటంపావు. మేం అమెరికాలో ప్రయాణానికి 72 గంటల ముందు టీఎస్ఏ కేర్స్ అని ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ వాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తాం, సెక్యూరిటీ దగ్గర ఒక మనిషిని తోడు ఇస్తారు. కొన్ని ఎయిర్‌పోర్టుల్లో పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న ఆకుపచ్చ ట్యాగ్ మెళ్లో వేసుకుంటే బయటికి కనపడని ఇబ్బంది ఏదో ఉందని స్టాఫ్‌కి అర్థమవుద్ది, 2016లో లండన్ గాట్విక్‌లో మొదలైంది. దిగేటప్పుడు చెవులు పట్టేస్తాయి, స్ట్రాతో ఏదైనా తాగిస్తూ ఉండండి.

ఒక అంకుల్:

ఇంత హైరానా ఎందుకమ్మా, మీ ఆయన ఒక్కర్నే పంపించి మీరూ బాబూ ఇంట్లో ఉండండి.

నిద్రలేని అమ్మ:

అంకుల్ గారూ, మూడేళ్లుగా అదే చేస్తున్నానండి. మా వాళ్లలో సగం మంది వీణ్ణి చూడనేలేదు.

మిగతావాళ్లకి చాలా థాంక్స్. ఫ్లైట్ ముగ్గురికీ మా బడ్జెట్ కాదు. రాత్రి ట్రైన్ సెకండ్ ఏసీ బుక్ చేశాం, సైడ్ బెర్తులు రెండూ వచ్చాయి, మా ఆయనకి లోపల అప్పర్. కన్సెషన్ కార్డు ఈసారికి అందదు. ఆడపడుచుతో గది విషయం మాట్లాడా, "ముందే చెప్పొచ్చు కదా వదినా" అంది, నేనే ఇన్నాళ్లూ చెప్పలేదు. పసుపు బియ్యం కూడా రెండు కేజీలు విడిగా కలిపిస్తానంది. ఇప్పుడు ఒకటే సమస్య, సౌండ్ తగ్గడానికి చెవులకి పెట్టే హెడ్‌ఫోన్స్ కొన్నా, పెట్టిన సెకనులో పీకి విసిరేస్తున్నాడు.

బోయిన్‌పల్లి నాన్న:

సప్పుడు అయినప్పుడు పెడితే ఉంచుకోడక్కా. రోజూ వానికి ఇష్టమైన వీడియో నడుస్తుంటే ఒక నిమిషం పెట్టు, తీసేయ్, రేపు రెండు నిమిషాలు. నెల టైముంది గదా. ముందు నువ్వు పెట్టుకుని తిరుగు ఇంట్ల, మా వాడు నా నెత్తి మీది నుంచి గుంజుకుని పెట్టుకున్నడు.