అప్‌డేట్: నాన్నగారి డబ్బుతో ఏ యాన్యుటీ తీసుకున్నామంటే

ఉద్యోగి, ప్రభుత్వం చెరికొంత జమచేసే సీపీఎస్ పింఛను పథకంలో ఉన్న నాన్నగారు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేస్తున్నారని, ఏ యాన్యుటీ మంచిదని ఆ మధ్య అడిగాను. యాన్యుటీ అంటే ఒకేసారి డబ్బు కడితే బీమా సంస్థ జీవితాంతం నెలనెలా ఇచ్చే పింఛను. నిర్ణయం అయిపోయింది.

ఖాతాలో 25 లక్షలు జమ అయ్యాయి. నిబంధన ప్రకారం కనీసం 40 శాతం, అంటే 10 లక్షలతో యాన్యుటీ కొనక తప్పదు. అంతకు మించి ఒక్క రూపాయి పెట్టలేదు. ఒక ఏజెంటు మాత్రం ఆయన జీవితకాలానికే పరిమితమైన పథకం తీసుకోమని గట్టిగా పట్టుబట్టాడు. నెలనెలా వచ్చేది అందులోనే ఎక్కువ, నిజమే. నాన్నగారు కళ్లజోడు సవరించుకుని అంకెలు చదువుతుంటే, అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే అడిగింది: "మీ తర్వాత నాకు వస్తుందా?"

అక్కడితో చర్చ ముగిసింది. ఇద్దరి జీవితకాలమూ వచ్చి, ఆ తర్వాత అసలు సొమ్ము వారసులకు చేరే పథకమే తీసుకున్నాం. నెలకు వచ్చేది కొంత తగ్గింది. నాకేమీ బాధ లేదు.

ధరలు పెరిగినా ఈ పింఛను పెరగదు, పైగా పన్ను లెక్కలోకి వస్తుంది. అందుకే పన్ను లేకుండా చేతికొచ్చిన 15 లక్షలను పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేశాం. 8.2 శాతం వడ్డీకి మూడు నెలలకోసారి 30,750 రూపాయలు వస్తాయి. మొదటి వాయిదా కోసం అమ్మ పాస్‌బుక్కు బీరువాలో తన చీరల కింద భద్రంగా పెట్టుకుంది.