అప్‌లోడ్ మొదలవగానే పింగ్ 600 మిల్లీసెకన్లు, ఎఫ్‌క్యూ కోడెల్ ఉన్నా తగ్గట్లేదు

మద్దిలపాలెం_అడ్మిన్:
మద్దిలపాలెంలో పదిహేను మంది పనిచేసే ఆఫీసు. ఫైబర్ లైను 100 ఎంబీపీఎస్ డౌన్, 20 అప్. రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఫర్మ్‌వేర్. ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ 14. ఎవరైనా క్లౌడ్ బ్యాకప్ మొదలెడితే 600కి పోతుంది, వీడియో కాల్‌లో మాట తెగిపోతుంది. వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టు మీద ఎఫ్‌క్యూ కోడెల్ ఉంది, అదే ప్యాకెట్ల క్యూ పెరిగిపోకుండా చూసేది. కానీ దాని లెక్కల్లో బ్యాక్‌లాగ్ (క్యూలో ఆగినవి) సున్నా, డ్రాప్స్ (పడేసినవి) సున్నా. 50 అప్ ప్లాన్‌కి మారితే పోతుందా?

సీతమ్మధార_రూటింగ్:
ప్లాన్ మార్చకండి. ఆ రెండు సున్నాలే జవాబు చెబుతున్నాయి: క్యూ మీ రౌటర్‌లో లేదండి, ఓఎన్‌టీలో (ఫైబర్ వచ్చి చేరే పెట్టె) ఉంది. రౌటర్ నుంచి దానికి గిగాబిట్ కేబుల్ కాబట్టి ప్యాకెట్ వచ్చింది వచ్చినట్టే దాటిపోతుంది. ఇరుకంతా ఆ తర్వాతే.

లెక్క చూడండి. 20 ఎంబీపీఎస్ చొప్పున 0.6 సెకన్లంటే 12 మెగాబిట్లు, అంటే 1500 బైట్ల ప్యాకెట్లు వెయ్యి. దారిలో ప్యాకెట్ నష్టపోయేదాకా టీసీపీ (డేటా పంపే ప్రోటోకాల్) సాధారణంగా వేగం తగ్గించదు, అందుకే ఆ బఫర్ నిండేదాకా తోస్తుంది. 50కి మారినా అదే బఫర్ నిండితే 240 మిల్లీసెకన్లు. కాల్‌కి అదీ ఎక్కువే.

క్యూని రౌటర్‌లోకి లాక్కోవాలి. ఎస్‌క్యూఎమ్ (క్యూని అదుపు చేసే) ప్యాకేజీ వేసి, వ్యాన్ మీద కేక్ అనే క్యూ పద్ధతి ఎంచుకుని, అప్‌లోడ్ లైను వేగం కన్నా కాస్త తక్కువగా, సెకనుకి 18,000 కిలోబిట్లు పెట్టండి. ఓవర్‌హెడ్ (లైను మీద ప్రతి ప్యాకెట్‌కి అదనంగా చేరే బైట్లు) ఎంతో తెలియకపోతే 44 బైట్లు ఇవ్వండి. ఎక్కువైతే కాస్త వేగం పోతుందంతే, తక్కువైతే క్యూ మళ్లీ ఓఎన్‌టీలో చేరుతుంది.

రుషికొండ_ప్యాకెట్:
పై మాట నిజం. దానికి కలపాల్సినవి కొన్ని.

హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ (సీపీయూ బదులు చిప్పే ప్యాకెట్లని దాటించడం) ఆపేయండి. అది ఉంటే ప్యాకెట్లు కేక్‌ని తాకకుండానే పోతాయి, సెట్టింగులన్నీ సరిగ్గా కనిపించినా ఫలితం ఉండదు. ఆపాక భారమంతా సీపీయూ మీద పడుతుంది. వేగ పరీక్ష నడుస్తుండగా టాప్ కమాండ్‌లో సాఫ్ట్ ఐఆర్‌క్యూ (ప్యాకెట్లని దాటించే పని) ఒక కోర్‌ని నింపేస్తుంటే ఆ రౌటర్ చాలదు.

డౌన్‌లోడ్‌కి మార్జిన్ ఎక్కువ వదలండి, 85–90 ఎంబీపీఎస్. అక్కడ అసలు క్యూ ప్రొవైడర్ వైపు ఉంటుంది. మన దాకా వచ్చేసిన ప్యాకెట్‌ని పడేసి, పంపేవాడిని నెమ్మదింపజేయడమే మన చేతిలో ఉన్నది.

పదిహేను మంది అన్నారు కాబట్టి నాట్ ఆప్షన్ తప్పనిసరి. అది లేకపోతే కేక్‌కి అందరూ ఒకే ఐపీలా కనిపిస్తారు. అప్‌లోడ్‌కి డ్యుయల్-ఎస్ఆర్‌సీహోస్ట్, డౌన్‌లోడ్‌కి డ్యుయల్-డీఎస్‌టీహోస్ట్ పెడితే ఒకరి బ్యాకప్ ఇరవై కనెక్షన్లు తెరిచినా ఆ మనిషికి ఒక్క వాటాయే.

మద్దిలపాలెం_అడ్మిన్:
చాలా థాంక్సండి. కోడెల్ టార్గెట్ 5 మిల్లీసెకన్లట కదా, 1కి తగ్గిస్తే ఇంకా మెరుగా?

సీతమ్మధార_రూటింగ్:
వద్దండి. కోడెల్ చూసేది క్యూ పొడవు కాదు, ప్యాకెట్ అందులో ఎంతసేపు ఆగిందన్నది. 100 మిల్లీసెకన్ల ఇంటర్వెల్ అంతా ఆ ఆలస్యం 5 కిందికి దిగకపోతేనే డ్రాప్ మొదలెడుతుంది. ఒక్కసారిగా వచ్చి కరిగిపోయే గుంపుని వదిలేస్తుంది, నిలిచిపోయిన క్యూనే కొడుతుంది. మీ 18 ఎంబీపీఎస్‌లో పెద్ద ప్యాకెట్ ఒకటి వెళ్లడానికే 0.67 మిల్లీసెకన్లు. టార్గెట్ 1 అంటే రెండు ప్యాకెట్లు వరుసలో నిలబడినా గీత దాటినట్టే, బ్యాకప్ వేగం అనవసరంగా పడిపోతుంది.

పరీక్ష వైర్ మీదే చేయండి, వైఫై క్యూ వేరే గొడవ. బ్యాకప్ నడుపుతూ పింగ్ చూసి, 25 దాటుతుంటే అప్‌లోడ్ 500 కిలోబిట్ల చొప్పున దించండి. సాయంత్రం రద్దీ వేళ ఇంకోసారి చూడండి, లైను అసలు వేగం అప్పుడే బయటపడుతుంది.