చనిపోయిన శాస్త్రవేత్తలకు ఆటిజం ఉండేదని ఎలా చెబుతున్నారు?

ప్రశ్న:
న్యూటన్‌కు, ఆంగ్ల శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్‌కు ఆటిజం (మాటల్లో, ఇతరులతో మెలగడంలో చిన్ననాటి నుంచీ తేడా కనిపించే స్థితి) ఉండేదని చాలాచోట్ల చదివాను. మానసిక వైద్యుడు లియో కానర్ పదకొండుమంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని వర్ణించింది 1943లో కదా, అంతకు ఎంతోకాలం ముందే మరణించినవారి విషయంలో ఈ నిర్ణయానికి ఎలా వస్తున్నారు?

జవాబు 1:
చిన్న సవరణ: సోవియట్ మానసిక వైద్యురాలు గ్రున్యా సుఖరేవా 1925లోనే ఇటువంటి లక్షణాలున్న బాలుర గురించి రాశారు. మీ సందేహం మాత్రం సరైనదే. నేటి వైద్యులు బాల్యంలో మాట, ఆట, ఇంద్రియ స్పందనలు ఎలా ఉండేవో కుటుంబాన్ని విచారిస్తారు. గతించినవారి విషయంలో మనకు మిగిలేవి ఉత్తరాలు, ఇతరులు చెప్పుకున్న ముచ్చట్లు మాత్రమే. న్యూటన్‌కు ఆటిజం ఉండేదంటే నాకు నమ్మకం లేదు. కావెండిష్ సంగతి వేరు. 1798లో భూమి సాంద్రత నీటికంటే దాదాపు ఐదున్నర రెట్లని తేల్చిన ఈ మనిషి, భోజనానికి ఏం కావాలో చీటీ రాసిపెట్టేవాడు. ఆయనతో మాట్లాడాలంటే ముఖంలోకి చూడకుండా శూన్యంతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాలని తోటి శాస్త్రవేత్తలు చెప్పుకునేవారు. ఇవన్నీ 1851 నాటి జీవితచరిత్రలో ఉన్నాయి. వీటి ఆధారంగానే నాడీవైద్యుడు ఆలివర్ సాక్స్ 2001లో ఆయనకు ఆస్పర్జర్ (ఆటిజంలో ఒక రూపం) లక్షణాలు ఉండేవని వాదించారు.

జవాబు 2:
మౌనానికి వేరే కారణాలూ ఉండవచ్చు. భౌతిక శాస్త్రవేత్త పాల్ డిరాక్ ఎంత మితభాషి అంటే, గంటకు ఒక మాటను 'ఒక డిరాక్' అనాలని కేంబ్రిడ్జి సహచరులు హాస్యమాడేవారు. అయితే భోజనాల వేళ తండ్రి ఫ్రెంచిలోనే మాట్లాడమనేవాడనీ, ఆ భాషలో చెప్పలేక మౌనం అలవాటు చేసుకున్నాననీ డిరాకే చెప్పుకున్నాడు. ఆ మాటను పక్కకు నెట్టి ఆయన మౌనాన్ని లక్షణాల పట్టికలో చేర్చడం నాకు న్యాయంగా తోచదు.

ప్రశ్నించినవారు:
అయితే ముచ్చట్లకంటే గట్టి ఆధారం ఎక్కడైనా దొరుకుతుందా?

జవాబు 3:
దొరుకుతుంది, కానీ మేధావుల దగ్గర కాదు. స్కాట్లండ్‌కు చెందిన భూస్వామి కుమారుడు హ్యూ బ్లెయిర్‌కు పెళ్లికి తగిన మానసిక సామర్థ్యం లేదనీ, కాబట్టి అతని వివాహం చెల్లదనీ అతని తమ్ముడే 1747లో ఎడింబరో న్యాయస్థానానికి వెళ్లాడు. ఇరుగుపొరుగువారు ప్రమాణం చేసి ఇచ్చిన సాక్ష్యాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని ఆధారం చేసుకొని చరిత్రకారుడు రాబ్ హ్యూస్టన్, మనస్తత్వ శాస్త్రవేత్త ఉటా ఫ్రిత్ అతనికి ఆటిజం ఉండేదని వాదిస్తూ 2000లో ఒక పుస్తకమే రాశారు. న్యాయస్థానం రాసి ఇచ్చిన ప్రశ్నలకు బ్లెయిర్ జవాబు రాయలేదు. ఆ ప్రశ్నలనే తిరిగి రాసి ఇచ్చాడు.